పెద్దమందడికి ఎన్ని పాయింట్లు?

పుస్తక చరిత్ర సదస్సుకు గట్టి ప్రపోజల్ రాయాలనుకునేవాడు మొట్టమొదట పాటించాల్సిన నియమం పుస్తకాల జోలికి పోకపోవడం. పుస్తకం చేతిలోకి తీసుకుంటే దుమ్ము రేగుతుంది, తుమ్ములొస్తాయి, వాటి వెనకే సందేహాలొస్తాయి. అట్ట తిప్పితే అచ్చుకూటం పేరు కనిపిస్తుంది, అదెక్కడుండేదో వెతకబుద్ధేస్తుంది. ఇంకా లోపలికి పోతే మనం ముందే రాసిపెట్టుకున్న తీర్మానానికి ఆ పుస్తకం ఒప్పుకోకపోవచ్చు. ఈ బాధలన్నీ ఎందుకని మన పెద్దలు ఏనాడో ఒక రాచబాట వేశారు. సదస్సు ఏ దేశంలోనో ముందు చూడాలి. ఫీజు ఎంతో తర్వాత చూడాలి. ఆఖరి తేదీ రాత్రి పదకొండున్నరకు కూర్చుని మూడు వందల మాటలు పేర్చాలి. పేర్చినవాడికే అవి అర్థం కాలేదంటే అంగీకారపత్రం దాదాపు చేతికొచ్చినట్టే.

ఈ విద్య ఇన్నాళ్లూ యూనివర్సిటీ క్వార్టర్స్ దాటి బయటికి రాలేదు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులెక్కి వనపర్తి జిల్లా పెద్దమందడి దాకా వచ్చింది. పల్లీచేన్లకూ, పాలమూరు వలసకూలీలకూ పేరున్న నేల మీద కొత్త పంట దిగుతుంటే ఊరకే చూస్తూ కూర్చోలేం కదా.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కవి ఎవరు, రసం ఏది, శైలి ఎట్లాంటిది అని అడిగేది సాహిత్య చరిత్ర. ఆ కావ్యాన్ని ఎవరు అచ్చేశారు, కాగితం ఎక్కడ కొన్నారు, అచ్చుకూలి ఎవరిచ్చారు, ఎన్ని ప్రతులు, వెల ఎంత, ఎవరు కొన్నారు, ఎవరు అరువు తీసుకుని ఎగ్గొట్టారు, ఎవరు తగలబెట్టారు అని అడిగేది పుస్తక చరిత్ర. ఫ్రాన్సులో లూసియన్ ఫెవ్ర్, ఆన్రీ జాన్ మార్తాన్ 1958లో పుస్తకం పుట్టుక మీద పెద్ద గ్రంథం తెచ్చారు. 1982లో అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్, పుస్తకాల చరిత్ర అంటే ఏమిటని ఒక వ్యాసం రాసి అందులో ఒక వలయం గీశాడు. రచయిత దగ్గర బయల్దేరి ప్రచురణకర్త, ముద్రాపకుడు, సరుకు మోసేవాడు, అమ్మేవాడు, చదివేవాడు, మళ్లీ రచయిత దాకా తిరిగే వలయం అది. 1991లో షార్ప్ అనే అంతర్జాతీయ సంఘం పుట్టింది. ఏటా సదస్సు పెడుతుంది. పత్రాలు పంపండని పిలుస్తుంది. చక్కటి శాస్త్రం. ఊళ్లో ముసలివాళ్లు కూడా ఒక్క మాటతో పట్టుకోగల శాస్త్రం. మనవాళ్లు దాన్ని ఏం చేశారన్నదే ఇప్పుడు చెప్పుకోవాల్సింది.

డార్న్‌టన్ గీసిన ఆ వలయం మనవాళ్లకు పెండ్లి కార్డు మీద వినాయకుడి బొమ్మ అయింది. కింద ఎవరి పెండ్లయినా పైన ఆయన ఉండాల్సిందే. నన్నెచోడుడి మీద రాసినా ఆ వలయమే, నవలల మీద రాసినా ఆ వలయమే. ఆ బొమ్మ గీయడానికి ముందు ఆ మనిషి స్విట్జర్లాండులోని నూషటెల్ పట్నంలో, పద్దెనిమిదో శతాబ్దపు ప్రచురణ సంస్థ ఒకటి వదిలిపోయిన దాదాపు యాభై వేల ఉత్తరాల్లో మునిగి తేలాడన్న సంగతి మాత్రం ఏ ప్రపోజల్‌లోనూ కనిపించదు. సరుకు బండిని దొంగదారిన సరిహద్దు దాటించినవాడి ఉత్తరం, డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారి ఉత్తరం, పుస్తకాలు ఇంకా రాలేదని గునిసిన అంగడివాడి ఉత్తరం చదివాక తేలిన బొమ్మ అది. ఉత్తరాలు అక్కడే వదిలేసి బొమ్మ ఒక్కటి ఎత్తుకొచ్చాం. బరువు తక్కువ కదా, విమానంలో లగేజీ చార్జీ పడదు.

ఆ తర్వాత శీర్షిక. వెనకటికి తెలుగు శాఖల్లో థీసిస్ అంటే ఫలానావారి నవలలు, పక్కన గీత, ఆ పక్కన 'ఒక పరిశీలన'. కొంచెం ధైర్యం ఉన్నవాడు 'సమగ్ర పరిశీలన' అనేవాడు. అంత సమగ్రంగా పరిశీలించినా రెండో మనిషి చదవని పుస్తకాలవి. ఇప్పుడు గీత పోయి రెండు చుక్కలొచ్చాయి. చుక్కలకు ఇవతల కవిత్వం, అవతల భూగోళం ఉండాలి. 'తాటాకు నుంచి తాకేతెర దాకా: దక్కను అంచుల్లో అక్షర సంచారం' అన్నామనుకోండి, కమిటీ కళ్లు మూసుకుని సంతకం పెడుతుంది. ఇందులో ఏ తాటాకు, ఎవరి ఇల్లు, ఏ సంవత్సరం అని అడిగే అనాగరికులు ఎవరూ ఉండరు. దీనికితోడు ఈ పత్రం 'అన్వేషిస్తుంది', 'పునరాలోచిస్తుంది', 'సమస్యాత్మకం చేస్తుంది' అని మూడు క్రియాపదాలు పడేస్తే చాలు. పాపం పత్రమే అన్నీ చేస్తుంది. రాసినవాడు ఏం కనుక్కున్నాడో చెప్పే క్రియ ఒక్కటీ ఉండదు.

పాయింట్ల దగ్గరికొద్దాం, ఎందుకంటే అసలు దేవుడు అక్కడున్నాడు. యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధన మార్కుల పట్టిక ఒకటుంది. విదేశంలో అంతర్జాతీయ సదస్సులో పత్రం చదివితే 7, దేశంలోనే జరిగే అంతర్జాతీయానికి 5, జాతీయానికి 3, రాష్ట్రస్థాయికి 2. పెద్దమందడిలో రచ్చబండ మీద కూర్చుని, ఆ పుస్తకం ఎవరిదో ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించి, వాళ్లు 'అట్ల గాదు సారూ, మా నాయన చెప్పింది వేరే' అని దిద్దితే ఎన్ని పాయింట్లు? సున్నా. ప్రపంచంలో ఆ పత్రాన్ని సరిగ్గా దిద్దగలిగిన మనుషులు ఆ నలుగురే అయినా సున్నాయే. అందుకే ఐదు పాయింట్ల కోసం మన కాలేజీలు ఒక ఉపాయం పట్టాయి. ఫంక్షన్ హాలు మాట్లాడతారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు, డల్లాస్‌లో ఉన్న తోడల్లుడిని జూమ్‌లోకి రప్పిస్తారు. ఆయన అక్కడ రాత్రి నిద్ర కళ్లతో నాలుగు మాటలు మాట్లాడి 'ఆడియో వస్తుందా?' అని రెండుసార్లు అడిగితే సదస్సు అంతర్జాతీయమైపోతుంది.

ఇక మన కథానాయకుడు. పెద్దమందడి మండలంలో ఒక పిల్లవాడు పీహెచ్‌డీలో చేరాడనుకుందాం. పేరు అక్కర్లేదు, ప్రతి మండలంలోనూ ఉన్నాడు. గైడు గారి పేరు అంతకన్నా అక్కర్లేదు, ప్రతి యూనివర్సిటీలోనూ ఉన్నాడు. పిల్లవాడి పెద్దనాయన సందూకలో చిరుతల రామాయణం నోటుబుక్కు ఒకటి బయటపడింది. చేతిరాత. సిరా ఒక్కో చోట ఒక్కో రంగు. పిల్లవాడు దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

"సార్, దీని మీద ప్రపోజల్ పంపుదామనుకుంటున్న."

"ఏందయ్యా ఇది? నోటుబుక్కా? చదివినవా?"

"మొత్తం చదివిన సార్."

"అక్కడే దెబ్బతిన్నవ్. చదివినోడు ప్రపోజల్ రాయలేడు. వివరాలు అడ్డమొస్తయి."

"మరి ఏం జెయ్యాలె సార్?"

"దీన్ని నోటుబుక్కు అనొద్దు. లేఖన భౌతికవస్తువు అను. మీ పెద్దనాయన అనొద్దు. అనామక గ్రామీణ లేఖకుడు అను."

"ఆయనకు పేరుంది సార్. మొదటి పేజీల రాసుకున్నడు."

"పేరుంటే అనామకుడు ఎట్లయితడు? ఆ పేజీ సంగతి ఎత్తకు."

సారు కుర్చీ వెనక్కి వాలి శీర్షిక చెప్పాడు, పిల్లవాడు రాసుకున్నాడు: 'దేశీయ ప్రదర్శన పాఠ్య భౌతికతలో కర్తృత్వ విచ్ఛిత్తి: వలసానంతర దక్కను పరిధి నుంచి ఒక పునఃపఠనం.' రాత్రి ఇంటికి పోయి పెద్దనాయనకు చదివి వినిపించాడు. ముసలాయన చివరిదాకా ఓపికగా విని ఒకే ప్రశ్న వేశాడు. "ఇందుల మన పుస్తకం యాడున్నది బిడ్డా?"

ఆ ఒక్క ప్రశ్న సమీక్షా సంఘాల నోట వస్తే సగం సదస్సులు మూతపడతాయి. అందుకే రాదు.

నిజానికి ఆ నోటుబుక్కులో ఉన్నదేమిటి? తెలంగాణ ఊళ్లలో చిరుతల రామాయణం నెలల తరబడి నేర్చుకుని ఆడతారు. నేర్పే పంతులు వేరే ఊరి నుంచి వస్తాడు, పాఠం చెబుతాడు, వేషగాళ్లు ఎవరి పాట వాళ్లు, ఎవరి మాట వాళ్లు రాసుకుంటారు. బజార్లో అచ్చు పుస్తకాలు దొరుకుతున్న కాలంలో కూడా చేత్తో రాసుకోవడం ఆగలేదు. ఎందుకు? అచ్చు పుస్తకం కొనే పైసలు లేకనా? పంతులు తన పాఠం అచ్చుకు చిక్కకుండా దాచుకున్నాడా? ఊరివాళ్లు తమ పాటలు తాము కలుపుకున్నారా? లక్ష్మణుడి వేషం వేసేవాడికి లక్ష్మణుడి మాటలు చాలు, మొత్తం పుస్తకం ఎందుకనుకున్నారా? అచ్చు వస్తే చేతిరాత చచ్చిపోయిందని యూరప్ చూసి రాసినవాళ్లకు గట్టి జవాబు ఆ సందూకలో ఉంది. షార్ప్ కాదు, దాని తాత సంఘం కూడా కుర్చీ ముందుకు జరుపుకుని వినే సంగతి. దాన్ని మనవాడు 'భౌతికత' అనే దుప్పటి కప్పి పడుకోబెట్టాడు.

ఈ జిల్లాలకు పుస్తక చరిత్ర ఎవరో వచ్చి నేర్పాల్సిన పని లేదు. సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల సీమ. 1926 మే 10న గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో చెప్పుకోదగ్గ కవులే లేరని ఒక పండితుడు రాస్తే, వాదనకు దిగకుండా పత్రికలో ప్రకటన ఇచ్చి పద్యాలు పంపమన్నాడు. పోగైనవి అచ్చేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో 354 మంది కవులు. ప్రపోజల్ అంటే ఇది. ఎదుట ఒక వాదన ఉంది, దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది, ఆధారం ఎక్కడ దొరుకుతుందో తెలుసు, దొరికింది జనం ముందు పెట్టాడు. అదే ప్రపోజల్ ఇవాళ ఒక సమీక్షా సంఘానికి పోతే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

మొదటి సమీక్షకుడు రాస్తాడు: 'అంశం ఆసక్తికరం. అయితే 354 మంది మరీ ఎక్కువ. ఒక్క కవిని తీసుకుని లోతుగా చూడవలసింది.' రెండో సమీక్షకుడు: 'డార్న్‌టన్‌ను ఉదహరించలేదు. ఇది క్షమించరాని లోపం.' డార్న్‌టన్ పుట్టింది 1939లో. అయినా లోపం లోపమే. మూడో సమీక్షకుడు మేధావి. ఆయన అంటాడు: 'కవులు లేరన్నవాడికి కవులను చూపించడం మరీ ముక్కుసూటి పద్ధతి. లేమి అనే భావననే ముందు ప్రశ్నించి ఉంటే బాగుండేది. తిరస్కరిస్తున్నాం. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించగలరు.'

సురవరం వచ్చే ఏడాది దాకా ఆగే రకం కాదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించాడు, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చాడు, 1952లో ఈ వనపర్తి నుంచే శాసనసభకు గెలిచాడు, మరుసటి ఏడాది పోయాడు. ఆయన పోయాక, 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని ప్రబంధాల్లోంచి ఏరి రాసిన మనిషి. ఆయన ఊరి పక్క ఊళ్ల పిల్లలకు ఇవాళ మనం నేర్పుతున్నది రెండు చుక్కల శీర్షికలు.

సంస్థానాల కాలంలోనూ ప్రపోజళ్లుండేవి, కాకపోతే పద్యాల్లో ఉండేవి. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. తిరుపతి వెంకటకవులంతటి వాళ్లు గద్వాల, ఆత్మకూరు సంస్థానాల గుమ్మం తొక్కారు. రాజుగారి దర్శనం దొరకాలంటే దివాణంలో ఎవరి దయో కావాలి, రోజులు పడిగాపులు పడాలి, ఎవడో అసూయపడే పండితుడు అడ్డుపుల్ల వేస్తాడు. ఆనాటి సమీక్షా సంఘం అదే. అంతా చెడ్డ పద్ధతేనని ఒప్పుకుంటాను. కానీ ఒక్క తేడా ఉంది. అప్పుడు పద్యం నచ్చితే శాలువా వాళ్లే కప్పేవారు, సంభావన వాళ్లే ఇచ్చేవారు, మెచ్చినవాడికి ఏటేటా వార్షికం కూడా కట్టేవారు. ఇప్పుడు మన మూడు వందల మాటలు నచ్చాయని ఉత్తరం రాగానే రిజిస్ట్రేషన్ ఫీజు మనమే కట్టాలి, అదీ డాలర్లలో. శాలువా కూడా మనమే కొనుక్కుపోయి అధ్యక్షుడికి కప్పాలి.

ఇందులో నాకు అన్నింటికన్నా ముచ్చటగా తోచేది ఆధారాల గొడవ. 1867లో బ్రిటిష్ ఇండియాలో పత్రికలూ పుస్తకాల నమోదు చట్టం వచ్చింది. అచ్చయిన ప్రతి పుస్తకం వివరం సర్కారుకు చేరాలి: పేరు, రచయిత, భాష, అచ్చుకూటం, ప్రచురణకర్త, పుటలు, ప్రతులు, వెల. మూడు నెలలకోసారి జాబితా అచ్చేసేవారు. నిఘా కోసం పెట్టుకున్న పుస్తకం ఇవాళ పరిశోధకులకు నిధి. డార్న్‌టన్ కూడా ఈ జాబితాలు తవ్వే భారతదేశపు పుస్తకాల మీద రాశాడు. మన సార్లకు అది తెలిసింది. వెంటనే మద్రాసు జాబితాల పీడీఎఫ్ దింపుకుని 'పాలమూరు ముద్రణ సంస్కృతి' మీద ప్రపోజల్ కొట్టారు. చిన్న చిక్కు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం, గోపాలుపేట అన్నీ నిజాం రాజ్యంలోని సంస్థానాలు. బ్రిటిష్ ఇండియా చట్టం నిజాం రాజ్యానికి పట్టదు. తుంగభద్ర దాటితే కర్నూలు, అది మద్రాసు ప్రెసిడెన్సీ. గద్వాల కవి కావ్యం నది అవతల అచ్చయితే జాబితాకెక్కుతుంది, ఇవతల అచ్చయితే ఎక్కదు. అంటే ఆ జాబితా చూసి పాలమూరు లెక్క తీస్తే దొరికేది పాలమూరు కాదు, నది దాటిపోయిన పాలమూరు. పోనీ, ఏ పుస్తకాలు నది దాటాయి, ఎందుకు దాటాయి అని అడిగితే అదే మొదటి తరగతి ప్రశ్న. కాగితం కోసమా, తెలుగు అక్షరాల అచ్చు కోసమా, కొనేవాళ్లు అటున్నారనా? ఆ ప్రశ్న అడగాలంటే పటం చూడాలి. పటంలో ఫీజు రాయితీ ఏమీ ఉండదు గనక ఎవరూ చూడరు.

పక్కనున్న వనపర్తినే చూడండి. సంస్థానం పోయాక రాజా రామేశ్వరరావు దౌత్య ఉద్యోగం చేశారు, మహబూబ్‌నగర్ ఎంపీగా గెలిచారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను చేతికి తీసుకున్నారు. ఇవాళ ఓరియంట్ బ్లాక్‌స్వాన్ పేరుతో హైదరాబాదు నుంచి నడుస్తున్నది ఆ సంస్థే. దేశమంతటా పిల్లలు చదివిన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల వెనక ఒక తెలంగాణ సంస్థానం ఉంది. ఆయన ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్నది. సంస్థానాధీశుడు ప్రచురణకర్త ఎట్లా అయ్యాడు, లండన్ పేరున్న సంస్థ వనపర్తి వారి చేతికి ఎట్లా వచ్చింది, కవులకు శాలువాలు కప్పిన కొలువులకూ పాఠ్యపుస్తకాల వ్యాపారానికీ మధ్య ఏమైనా దారం ఉందా? ఏ సదస్సైనా ఎగబడి తీసుకునే సంగతి. పెద్దమందడి నుంచి ఆటో ఎక్కితే చేరేంత దూరం. మన సారు మాత్రం గూటెన్‌బర్గ్ మీద రాస్తున్నాడు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పడు, పైగా జర్మనీలో సదస్సు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ దాని మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సుంకం కడతాడు. చదువు రాని ముసలవ్వ కూడా కడుతుంది. ఆ డబ్బు లైబ్రరీ దాకా చేరుతుందా, మధ్యలో ఏ పద్దులో నిద్రపోతుందా అన్నది వేరే పురాణం. నేననేది ఏమిటంటే, పుస్తక చరిత్రలో 'పోషకులు' అనే మాట కింద రాజుల పేర్లే రాస్తాం. ఎనిమిది పైసలవాళ్లను ఎవరూ రాయరు. సదస్సులకు తిరిగే సార్లలో సొంత డబ్బుతో తెలుగు పుస్తకం కొన్నవాళ్లను ఏరితే, ముసలవ్వే పెద్ద పోషకురాలిగా తేలుతుందని నా అనుమానం.

అసలైన ప్రపోజల్ ఎట్లా ఉంటుందో చెప్పమంటారా? చెబుతాను, కానీ ఎవరూ నమ్మరన్న ధైర్యంతోనే చెబుతున్నాను. ఆ పిల్లవాడు సారు మాట పక్కనపెట్టి ఇట్లా రాశాడనుకోండి:

'మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడినవాళ్ల ఇళ్లలో చేతిరాత నోటుబుక్కులున్నాయి. అదే కథ అచ్చు పుస్తకాలుగా బజార్లో దొరుకుతున్న కాలంలో రాసినవివి. అచ్చు దొరుకుతుండగా చేత్తో ఎందుకు రాసుకున్నారన్నది నా ప్రశ్న. ఒక నోటుబుక్కును ఒక అచ్చు ప్రతితో పంక్తి పంక్తి పోల్చాను. రాసినవాళ్లలో బతికున్నవారితో మాట్లాడాను. నోటుబుక్కులో ఉండి అచ్చులో లేని పాటలు ఎక్కువగా వేషగాళ్ల సొంత ఊళ్లకు, దేవుళ్లకు, పంటలకు సంబంధించినవి. అచ్చు పుస్తకం అందరిదీ, నోటుబుక్కు మా మేళానిది అన్న లెక్క ఇక్కడ పనిచేసిందని నా వాదన. అచ్చు వచ్చాక చేతిరాత తప్పుకుందన్న మాటను ఈ నోటుబుక్కులు నిలబడనివ్వవు.'

వంద మాటలు కూడా లేవు. ఇంకా రెండు వందలకు చోటుంది. అందులో ఎన్ని నోటుబుక్కులు చూశాడో, ఎన్ని చూడలేకపోయాడో, ఇంతకుముందు దీని మీద ఎవరేం రాశారో, తనది వాళ్లకెక్కడ తేడానో రాసుకోవచ్చు. డార్న్‌టన్ పనికొస్తే ఒక్క వాక్యంలో పిలవొచ్చు, పనికిరాకపోతే ఇంటిదగ్గరే వదిలెయ్యొచ్చు. సదస్సు ఇచ్చేది ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక సంగతి రుజువు చేయొచ్చు, రెండోది మొదలుపెట్టొచ్చు. పాలమూరు సాహిత్యం మొత్తం చెబుతానన్నవాడు ఐదో నిమిషంలో సంస్థానాల దగ్గర, పదిహేనో నిమిషంలో ఇంకా సంస్థానాల దగ్గరే ఉంటాడు. తర్వాత అధ్యక్షుడు చీటీ పంపుతాడు.

ఇట్లా రాయడంలో పెద్ద ప్రమాదం ఒకటుంది, ముందే హెచ్చరిస్తున్నాను. ఇట్లాంటి ప్రపోజల్‌ను ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. ఒప్పుకుంటే పత్రం రాయాల్సి వస్తుంది. దుప్పటి కప్పిన ప్రపోజల్‌కు ఆ బాధ లేదు, అది తనకు తానే పత్రం, తనకు తానే సారాంశం, అడిగేవాడుండడు. దీని విషయంలో మాత్రం ఎవడో ఒకడు చెయ్యెత్తి 'ఆ నోటుబుక్కు ఏ ఏడాదిది?' అని అడుగుతాడు. ఏ సిరా, ఏ కాగితం, ఎవరి చేతిరాత అంటాడు. అప్పుడు మళ్లీ సందూక తెరవాలి.

సందూకలు తెరిచినవాళ్లకు మనం ఏ గౌరవం చేశామో కూడా చూద్దాం. నెల్లూరు జర్నలిస్టు బంగోరె 1897 నాటి మొదటి కన్యాశుల్కాన్ని వెతికి పట్టుకుని 1969లో మళ్లీ అచ్చేయించాడు. మనమంతా గురజాడ అంటే 1909 నాటి రెండో కన్యాశుల్కమే అనుకుని మురిసిపోతుంటే, మొదటిది వేరే ఉందని చేతిలో పెట్టాడు. ఆయనకు పాయింట్లు రాలేదు. బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనం అచ్చు ప్రతిలో లోపాలు చూసి, రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి చేత అచ్చేయించింది. ఆమెకు దక్కింది పోలీసు సోదాలు, పుస్తకం మీద నిషేధం. నాగర్‌కర్నూలు కపిలవాయి లింగమూర్తి ఊరూరూ తిరిగి, గుళ్లూ శాసనాలూ జానపదుల నోటిమాటలూ పోగేసి పదుల కొద్దీ పుస్తకాలు రాశాడు. ఆయన పుస్తకాల్లోంచి పేరాలు ఎత్తి అంతర్జాతీయ సదస్సుల్లో చదివినవాళ్లకు ఏడేసి పాయింట్లు వచ్చే ఉంటాయి.

పెద్దమందడి పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. సారు శీర్షికతోనే పంపాడు, అంగీకారం వచ్చింది, ఫీజు కోసం మేనమామ దగ్గర అప్పు చేశాడు, ఆన్‌లైన్‌లో ఎనిమిది నిమిషాలు చదివాడు, సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. సారు పేరు మాత్రం సహరచయితగా, ముందు వరసలో, తప్పుల్లేకుండా పడింది. నోటుబుక్కు సారు ఇంట్లోనే ఉంది. స్కానింగ్ చేయిస్తానన్నాడు.

కాబట్టి పెద్దమందడి మండలంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో తాటాకులుంటే, చిరుతల రామాయణం నోటుబుక్కులుంటే, భజన కీర్తనల పుస్తకాలుంటే ఎండకూ చెదలకూ అందకుండా పెట్టండి. పుస్తక చరిత్ర మీద పత్రం రాస్తున్నామని ఎవరైనా వస్తే మంచినీళ్లివ్వండి, అరుగు మీద కూర్చోబెట్టండి, మీ ఎదురుగా చదవమనండి, ఫొటోలు తీసుకోనివ్వండి. పుస్తకం మాత్రం గడప దాటనివ్వకండి.